ఇది అమ్మిన గుర్తు కాదు

నిన్న పొద్దున మైలవరం బస్టాండు పక్కన ఇడ్లీ తింటుంటే ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. ఒక పెద్దావిడ పేరు, పక్కన గారు, ఆ కింద ఇలా ఉంది: "మీ అభ్యంతరం: ఇది అమ్మిన గుర్తు కాదు. స్థితి: పరిష్కరించబడింది. మా సేవ మీకు ఎలా అనిపించింది? నక్షత్రాలు ఇవ్వండి." దాని కింద ఐదు నక్షత్రాలు ఖాళీగా వరసలో నిలబడి ఉన్నాయి.

ఆవిడ పోయి ఆరు నెలలు దాటింది. నక్షత్రాల సంగతి ఇప్పుడు నాకంటే ఆవిడకే బాగా తెలియాలి.

మెసేజ్ రెండోసారి చదివేలోపు ఇడ్లీ చల్లారిపోయింది. చట్నీ ముందునుంచీ చల్లగానే ఉంది కాబట్టి దానికేమీ కాలేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాసినా మా ఊళ్ళో చాలామంది పోల్చుకోలేరు. అందరికీ ఆవిడ పిన్నిగారు. వరసకి పిన్ని అయ్యేవాళ్ళు ఎలాగూ పిలిచారు, కానివాళ్ళూ పిలిచారు, ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా ఏ మొహమాటం లేకుండా పిలిచారు. హైదరాబాదులో ఆవిడ ముఖం ఎన్నడూ చూడని పళ్ళ వ్యాపారులు సైతం పిన్నిగారి సరుకు అంటే పెట్టె విప్పకుండానే దించుకునేవారు.

మా ఊరు నూజివీడుకీ మైలవరానికీ మధ్య, రోడ్డు మీద నుంచి కాస్త లోపలికి ఉంటుంది. వేసవి మూడు నెలలూ ఊళ్ళో మామిడికాయ తప్ప ఇంకో విషయం ఉండదు. మిగతా తొమ్మిది నెలలూ పోయిన వేసవి మామిడికాయ గురించి మాట్లాడుకుంటాం. ఆ వేసవంతా నడిచేది పిన్నిగారి షెడ్డులో. రేకుల కప్పు, మూడు వైపులా గోడ, వీధివైపు గోడ లేదు. పొద్దున్నే ఆగిరిపల్లి వైపునుంచి ఆటోల్లో ఆడవాళ్ళు దిగి, కాళ్ళు చాపుకుని కూచుని, కాయని కాయనుంచి వేరు చేసేవారు. బంగినపల్లి ఒక గుట్ట, రసాలు ఒక గుట్ట, కలెక్టరు కాయ ఇంకో గుట్ట. తోతాపురికి మా వైపు పేరు కలెక్టరు. ఎందుకొచ్చిందో తెలియదు. పుల్లగా ఉంటుంది, బరువు తూగుతుంది, అంతకుమించి నేను పరిశోధన చెయ్యలేదు.

పిన్నిగారు బోర్లించిన ప్లాస్టిక్ ట్రే మీద మడత గోనెసంచీ వేసుకుని కూచునేవారు. ఎవరైనా కుర్చీ తెచ్చి వేస్తే దానిమీద కళ్ళజోడు పెట్టుకునేవారు. కాయ చేతికిస్తే కళ్ళు మూసుకుని తొడిమ దగ్గర వాసన చూసి, ఇది ఎల్లుండిది, ఇది శుక్రవారానిది, ఇది అబద్ధం అని మూడు రకాలుగా తీర్పు చెప్పేవారు. అబద్ధం అంటే మందు పెట్టి మగ్గేసిన కాయ. మనుషుల విషయంలోనూ ఆవిడ కొలత అదే. నేను ఎమ్మే పూర్తిచేసి వచ్చి, షెడ్డు ముందు నిలబడి ప్రపంచం గురించి నాలుగు మాటలు చెప్పిన రోజున, మా అమ్మతో, "మీవాడు కాయ మంచిదే. ఇంకొన్నాళ్ళు గడ్డిలో వెయ్యాలి" అన్నారు. ఆ గడ్డిలోంచి నేను ఎప్పుడు బయటికొచ్చానో ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు.

ఇంకో అలవాటుంది. దాన్ని తెలుసుకోకపోతే ఆవిడ మాట అర్థం కాదు. కోపం పెరిగేకొద్దీ ఆవిడకి మర్యాద పెరిగేది. మామూలుగా ఊరందర్నీ నువ్వు అనేవారు. లారీ కాస్త ఆలస్యమైతే డ్రైవరు మీరు అయ్యేవాడు. కాయలు నలిగితే అండీ తోడయ్యేది. తమరు అన్నారంటే ఆ మనిషికి ఆ షెడ్డులో అదే ఆఖరి రోజు. ఆడకూలీలు తల ఎత్తకుండానే ఆవిడ క్రియాపదాలు విని వాతావరణం చెప్పేవారు.

ఇక గుర్తు సంగతి.

మా వైపు పెరటి చెట్లూ, చిన్న చిన్న తోటలూ కాగితం మీద అమ్ముడుపోవు. పిందె దశలో వ్యాపారులు మెడలు వెనక్కి వాల్చి వీధులన్నీ తిరుగుతారు. బేరం కుదిరితే కొన్నవాడు మూడు వేళ్ళు సున్నంలో ముంచి చెట్టు మొదట్లో గీస్తాడు. అమ్మినవాడి చేతిలో ఆకూ వక్కా పెడతాడు. అంతే. ఆ ఏటి కాపు అతనిది. ఆ చెట్టు కింద రాలిన కాయ కూడా ఇంకెవరూ ముట్టుకోరు. మృగశిర కార్తె దాటి వానలు పడేలోపు కోసుకోవాలి. కోసుకోకపోతే వానకి గుర్తు పోతుంది, దాంతో బేరం కూడా పోతుంది. పిన్నిగారి మాటల్లో అయితే, "గుర్తు కొన్నవాడు పెట్టాలి, వాన తుడవాలి. మధ్యలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు."

ఒకసారి పెట్టారు. పక్కింటివాడితో తగువు పడిన ఒక పెద్దమనిషి, తాగిన మైకంలో, వాళ్ళ చిన్నరసం చెట్టుకి సున్నం గీసి పడుకున్నాడు. తెల్లారాక ఆయనకే జ్ఞాపకం లేదు. ఆ ఏడు ఆ చెట్టు ముందు ఏ వ్యాపారీ ఆగలేదు. గుర్తు ఎవరిదని అడిగారు, మాదని ఎవరూ అనలేదు. ఇక ఆ చెట్టు జోలికి పోయేదెవరు? కాయలు చెట్టునే పండి, రాలి, వీధంతా తీపి వాసన కొట్టింది. కాకులు కూడా విసిగిపోయాయి. చెట్టుగలాయన పిన్నిగారి దగ్గరికి వచ్చి, నేను అమ్మలేదని నేనే చెబుతున్నాను గదా, మీరైనా కొనండి అని బతిమాలాడు.

"నువ్వు అమ్మలేదని నాకు తెలుసయ్యా," అన్నారు పిన్నిగారు. "చెట్టుకి తెలీదుగా."

ఇలాంటి ఊరికి నేను పలక పట్టుకుని వెళ్ళాను.

అప్పటికి మా ఊరు పట్టణమైపోయింది. ఊరికి తెలియకుండా, కాగితం మీద. పట్టణాభివృద్ధి పరిధిలో చేర్చారు కాబట్టి ఓ ప్రణాళిక కావాలి. ప్రణాళిక గీసే పని ఒక కన్సల్టెన్సీకి అప్పగించారు. గీశాక ప్రజల్ని అడగాలని నిబంధన ఉందట, అందుకని ఒక పోర్టల్ చేశారు. అందులో ఊరి మ్యాప్ ఉంటుంది. ఎవరికి ఎక్కడ అభ్యంతరం ఉందో వాళ్ళు అక్కడ వేలితో నొక్కితే ఎర్రటి బొట్టు పడుతుంది. ఆ బొట్టుని తాకితే డబ్బా తెరుచుకుంటుంది, అందులో విషయం రాసుకోవచ్చు. ఇదంతా జనానికి నేర్పడానికి ఒక ట్యాబ్ (ఊళ్ళో దానికి పలక అని పేరు పడింది), "మీ ఊరు మీ మాట" అని రాసిన టీషర్టు ఇచ్చి నన్ను పెట్టుకున్నారు. నా ఉద్యోగం పేరు విజిటింగ్ కార్డులో ఒక వరసలో పట్టలేదు.

మొదట్లో జనం ఎగబడ్డారు. ఆకాశంలోంచి తమ ఇంటి కప్పు చూసుకోవడం ఎవరికైనా ముచ్చటే. షెడ్డులో ట్యాబ్ తెరవగానే ఆడవాళ్ళంతా కాయలు వదిలేసి మూగారు. ఒకామె తన గేదె కనబడుతుందా అంది. ఫొటో ఎప్పటిదో పాతది. గాలివానకి పడిపోయిన పెద్దరసం చెట్టు అందులో ఇంకా నిలబడి ఉంది. పిన్నిగారు దాన్ని చాలాసేపు చూశారు. కాయ వాసన చూసేటప్పుడు చూసినట్టు, దాదాపు కళ్ళు మూసుకుని.

తర్వాత ఆవిడ వేలు షెడ్డు కప్పు మీద ఆగింది. దాని మీదుగా లేత గోధుమరంగు గీత ఒకటి పోతోంది.

"ఇదేంటి అబ్బాయ్?"

"అరవై అడుగుల రోడ్డు, పిన్నిగారూ. వెయ్యలేదు. వెయ్యాలనుకుంటున్నారు."

"నా షెడ్డు మీద నుంచా?"

"మీద నుంచి కాదు. షెడ్డు తీసేసి."

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. గీత అక్కడే ఉంది. షెడ్డు పోతే ఆవిడకి ఇంకో స్థలం లేదు. ఆటోలు దిగే ఆడవాళ్ళకి ఇంకో నీడ లేదు. గేదె గురించి అడిగినామె వెనక్కి వెళ్ళి తన గుట్ట ముందు కూచుంది.

వద్దని చెప్పాలంటే ఏం చెయ్యాలన్నారు. షెడ్డు మీద వేలితో నొక్కితే చాలు, బొట్టు పడుతుంది, అది అందరికీ కనబడుతుందని చెప్పాను. అందరికీ కనబడటమే ఇందులో గొప్ప అని కూడా అన్నాను. ఆ వాక్యం మాకు శిక్షణలో నేర్పారు.

"ఊరందరూ చూసేట్టు నా షెడ్డు మీద నేనే గుర్తు పెట్టుకోవాలా?"

"ఇది ఆ గుర్తు కాదు పిన్నిగారూ. అమ్మలేదని చెప్పే గుర్తు."

ఇక్కడొక మాట చెప్పాలి. ఆవిడకి ఫోను రాదనుకుంటే పొరపాటు. కాయల పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటోలు తీసి హైదరాబాదు పంపేవారు. వాయిస్ మెసేజ్‌లో బేరమాడి, నాలుగు ఊళ్ళ సరుకు కూచున్నచోటునుంచి కదిపేవారు. నా ట్యాబ్‌లో మ్యాప్ ఆలస్యంగా తెరుచుకుంటే, డేటా ఆపి మళ్ళీ వెయ్యమని ఆవిడే చెప్పారు. పనిముట్టుతో ఆవిడకి పేచీ లేదు. అమ్మేవాడు గుర్తు పెట్టడం ఆవిడ జీవితంలో చూడలేదు. పైగా ఆవిడ అమ్మడమే లేదు.

నా వివరణ విని, కలెక్టరు గుట్ట దగ్గర కూచున్న ఆగిరిపల్లి ఆమె ఒక సందేహం అడిగింది. "అట్టయితే బొట్టు లేని ఇళ్ళన్నీ అమ్మేసుకున్నట్టా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దానికి సరైన జవాబు అవును అని నాకు తర్వాత తెలిసింది.

పిన్నిగారు నవ్వలేదు. కాసేపు ఆలోచించి ఒక ఉపాయం చెప్పారు. ఊరి చివర పశువుల ఆస్పత్రి ఉంది. దానికి డాక్టరు లేడు, తలుపుకి గడియ లేదు, గోడ మీద ఎవరి పిడకలు వాళ్ళు కొట్టుకుంటారు. ఎవరిదీ కానిచోట గుర్తు పెడితే ఎవరికీ నష్టం లేదు. బొట్టు అక్కడ పెట్టి, డబ్బాలో మాత్రం షెడ్డు గురించి రాయమన్నారు. చోటు తప్పవుతుందన్నాను.

"ఉత్తరం ఏ డబ్బాలో వేస్తే ఏంటి? లోపల రాసింది చదువుతారుగా," అన్నారు.

పిన్నిగారి నంబరు అడిగితే, అది సరుకు నంబరనీ, ప్రభుత్వానికి నీది ఇవ్వమనీ అన్నారు. ఆ విధంగా ఆవిడ అభ్యంతరాలన్నీ నా ఫోనుకి కాపురానికొచ్చాయి.

పిన్నిగారి ఉపాయం సాయంత్రానికి ఊరంతా పాకింది. రోడ్డు ఎవరి గోడని తాకుతుందో, ఎవరి బావి మీదుగా పోతుందో, ఎవరి పెరట్లో మలుపు తిరుగుతుందో వాళ్ళంతా నా దగ్గరికి వచ్చి పశువుల ఆస్పత్రి మీదే నొక్కారు. కొందరు సొంతంగా ఫోన్లలోనే నొక్కేసి, నాకు చూపించి మెచ్చుకోలు కోసం నిలబడ్డారు. ఇది సరికాదని నేను ఇంటింటికీ చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు. సరికాదు గానీ పిన్నిగారు చెప్పారు గదా అన్నారు. కన్సల్టెన్సీకి కూడా రాశాను, ఆస్పత్రి మీద బొట్లు ఆస్పత్రి గురించి కావు, దయచేసి లోపల చదవండి అని. నోటెడ్ అని జవాబొచ్చింది. ఆ మాటకి అర్థం నాకు ఎమ్మేలో చెప్పలేదు.

మామిడి జోరుగా ఉన్న రోజుల్లో కల్యాణ మండపంలో సభ పెట్టారు. సీజన్లో సభ పెడితే ఎవరూ రారన్నాను. అయినా వచ్చారు, చేతులకి మామిడి జీడి మరకలతో. మండపంలో అంతకుముందు జరిగిన పెళ్ళి తాలూకు పూలదండలు ఇంకా వేలాడుతున్నాయి. సమోసాలు ప్రారంభోపన్యాసంలోనే అయిపోయాయి. హైదరాబాదునుంచి వచ్చిన ఇంజినీరు కుర్రాడు మంచివాడు, మర్యాదస్తుడు. తెర మీద మా ఊరి మ్యాప్ వేశాడు. ఊరంతా పచ్చగా ఉంది. ఒక్క పశువుల ఆస్పత్రి మాత్రం కుంకుమ ఒలికినట్టు ఎర్రగా ఉంది.

పశువైద్యం పట్ల ఈ ఊరి ప్రజలకున్న శ్రద్ధ చూసి తమ బృందం కదిలిపోయిందని అతను చెప్పాడు. ఆస్పత్రికి ప్రహరీ గోడా, కొత్త బోర్డూ ప్రతిపాదిస్తున్నామన్నాడు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, ఎవరూ కలవకపోయేసరికి చేతులు దులుపుకున్నట్టు సర్దుకున్నారు. తర్వాత తెర మీద షెడ్డు వీధి పెద్దదైంది. మచ్చలేని పచ్చదనం. ఈ వీధినుంచి ఒక్క అభ్యంతరం కూడా రాలేదు కాబట్టి రోడ్డుకి ప్రజామోదం ఉన్నట్టే భావిస్తున్నామన్నాడు.

పిన్నిగారు లేచి నిలబడ్డారు.

"బాబూ, తమరెక్కడినుంచి వచ్చారండీ?"

నా పక్కన కూచున్న ఆగిరిపల్లి ఆమె, "అయిపోయాడు," అని గొణిగింది.

"ఆ ఆసుపత్రి మీదున్నవన్నీ మావేనండీ. లోపల రాసింది తమరు చదివారాండీ?"

రాసినదంతా రెండో దశలో విశ్లేషిస్తామనీ, ఈ దశలో చోటు మాత్రమే లెక్కలోకి వస్తుందనీ అతను ఓపిగ్గా చెప్పాడు. ఇంకా గడువుందనీ, మీ స్థలం మీద మీరే నొక్కితే చాలనీ అన్నాడు. చాలా సులభం అమ్మా, ఒక్క టచ్ అని చూపుడువేలు గాల్లో ఆడించాడు.

"తమరికి సులభమేనండీ," అని ఆవిడ కూచున్నారు. ఇంటికి వెళ్ళేటప్పుడు పశువుల ఆస్పత్రి ముందు ఒక్క క్షణం ఆగి, ఆ పిడకల గోడని చూసి వెళ్ళారని తర్వాత ఎవరో చెప్పారు.

గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం షెడ్డునుంచి కబురొచ్చింది, పలక తీసుకుని రమ్మని. వెళ్ళేసరికి కాయలు వేరుచేసే పని ఆపి ఉంది. సీజను మధ్యలో ఆ షెడ్డు అలా చప్పుడు లేకుండా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. పిన్నిగారు జీడి పోయేలా చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంటున్నారు. నేను మ్యాప్ తెరిచి, షెడ్డుని పెద్దది చేసి ఆవిడ ముందు పట్టుకున్నాను.

"వాన పడితే పోద్దా ఇది?"

"పోదు పిన్నిగారూ. సర్వర్లో ఉంటుంది."

"అదెక్కడుంటుంది?"

"ముంబైలోనో ఎక్కడో."

"అక్కడ వానలు పడవా?"

బాగానే పడతాయన్నాను. ఆవిడ తల ఊపారు. ఇంకేమైనా దారి ఉంటే చెప్పు అన్నట్టు నా ముఖంలోకి చూశారు. నా దగ్గర ఉన్న దారి ఒక్కటే, అది చేతిలో వెలుగుతోంది. ఆవిడ ఒక వేలు కాదు, మూడు వేళ్ళు కలిపి తెర మీద ఆనించారు. మ్యాప్ తికమకపడి ఊరంతా చూపించింది. మళ్ళీ షెడ్డుని తెచ్చి ఇచ్చాను. ఈసారి ఒక్క వేలితో నొక్కారు. కప్పు మీద ఎర్ర బొట్టు పడింది. డబ్బాలో ఏం రాయమంటారంటే ఒకే ఒక్క వాక్యం చెప్పారు. ఇది అమ్మిన గుర్తు కాదు. కారణాలు కూడా రాస్తే మంచిదన్నాను. అదే కారణం అన్నారు.

పంపించాను. ధన్యవాదాలు అని తెర మీద పూలు రాలాయి. నేను లేవబోయాను. ఆవిడ చెయ్యి చాపే ఉంది.

అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏం చెయ్యాలో తెలియలేదు. గుర్తు పడ్డాక ఆకూ వక్కా చేతిలో పెట్టాలి. ఇది ఆ గుర్తు కాదని రాసింది ఆవిడే. అయినా పడింది గుర్తే గదా. పెట్టినవాడు ఎవరు, పెట్టించుకున్నవాడు ఎవరు, కొన్నదెవరు, ఏదీ తేలని ఆ బేరంలో ఎదురుగా ఉన్నది నేనొక్కణ్ణే. టీషర్టు మీద మీ మాట అని ఉంది గానీ జేబులో ఏమీ లేదు. కలెక్టరు గుట్ట దగ్గరి ఆమె లేచి, బొడ్లో దోపుకున్న చిక్కం సంచీలోంచి ఒక తమలపాకు, ఒక వక్క పలుకు తీసి నా చేతిలో పెట్టి, కానియ్యమన్నట్టు చూసింది. నేను పిన్నిగారి చేతిలో పెట్టాను.

ఆవిడ వాటిని కొంగున ముడివేసుకున్నారు.

"మీరు మంచివారండీ," అన్నారు నాతో. "ఇక వెళ్ళిరండి."

చిన్నప్పటినుంచీ నన్ను నువ్వు తప్ప ఇంకోమాట అనని మనిషి. నేను ఇంటికి నడిచి వెళ్ళాను. బండి షెడ్డు ముందే ఉండిపోయిందని ఇంటికొచ్చాక గాని గమనించలేదు.

ఆ తర్వాత వానల్లో కొలతల మనుషులు వచ్చారు. షెడ్డు పక్కగోడకి వీధివైపు చివర ఎర్ర రంగుతో ఒక బాణం, ఒక అడ్డగీత, ఏవో అంకెలు వేసి వెళ్ళారు. రోడ్డు ఎక్కడిదాకా వస్తుందో దాని గుర్తన్నమాట. పిన్నిగారు మృగశిర వెళ్ళిపోయిందనీ, ఈ ఏటికి గుర్తు చెల్లదనీ వాళ్ళకి చెప్పారట. వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. వాన వచ్చింది. ఆవిడ గొడుగు వేసుకుని గోడ ముందు నిలబడి చూశారు. గుర్తు చెక్కుచెదరలేదు. ఆయిల్ పెయింటు.

మర్నాడు ఆవిడ బకెట్లో సున్నం కలిపి ఆ గుర్తు మీద పూశారు. గోడ తెల్లబడింది. మళ్ళీ వాన వచ్చింది, సున్నం కారిపోయింది, బాణం బయటపడింది. మళ్ళీ సున్నం. ఆ వర్షాకాలమంతా ఇదే పని. వెలిసిన మర్నాడు కుంచె, బకెట్టు. ఊళ్ళో నవ్వుకున్నవాళ్ళున్నారు. నేనొకసారి, సున్నం ఆగదు గదా, దానిమీద ఇంకో ఆయిల్ పెయింటు కొట్టేస్తే ఒక్కసారితో పోతుందన్నాను. అప్పటికి నేను మళ్ళీ నువ్వులోకి వచ్చాను.

"అప్పుడది వాళ్ళలాగే అవుద్దిరా," అన్నారు. "వాన తుడవాల్సింది వాన తుడవట్లా. అందుకని నేను తుడుస్తున్నా. నేను మాత్రం సున్నంతోనే."

ఇది పట్టుదలో అలసటో నాకిప్పటికీ తేలలేదు. దగ్గరినుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

మార్గశిరంలో, పూత ఇంకా రాకముందు, మధ్యాహ్నం కునుకు తీసి ఆవిడ మళ్ళీ లేవలేదు. సీజను పాడుచెయ్యకుండా వెళ్ళిపోయారని వ్యాపారులు మెచ్చుకున్నారు. పశువుల ఆస్పత్రికి అప్పటికే ప్రహరీ గోడ లేచింది. పిడకలకి ఇంకాస్త చోటు దొరికింది.

ఇడ్లీకి డబ్బులిచ్చేసి మెసేజ్‌లో లింకు నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు. మా ఊరి మాటలన్నీ ఉన్న చోటు తెల్లగా, సున్నం వేసినట్టు ఉంది. ఆ ఇంజినీరు కుర్రాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు వేరే ఊళ్ళో ఇదే పని చేస్తున్నాడట; నా పని మాత్రం గడువుతోనే అయిపోయింది. ప్రణాళిక ఖరారైందనీ, రోడ్డు గీత ఏమీ మారలేదనీ, మిగిలిన అభ్యంతరాలన్నీ ఒకేసారి క్లోజ్ చేశారనీ చెప్పాడు. రోడ్డు ఎప్పుడు వేస్తారంటే నిధులొచ్చినప్పుడన్నాడు. లోపల ఎవరైనా చదివారా అని అడిగాను. అది రెండో దశలో ఉండేదన్నాడు. రెండో దశ లేదన్నాడు.

ఊరికి వచ్చేసరికి ముందురోజు రాత్రి పడ్డ మృగశిర వాన తాలూకు నీళ్ళు వీధిలో ఇంకా నిలిచి ఉన్నాయి. షెడ్డులో సీజను ఆఖరి కాయలు వేరుచేస్తున్నారు. గోడ మీద సున్నం చారలు చారలుగా కారి, ఎర్ర బాణం శుభ్రంగా కడిగినట్టు మెరుస్తోంది. దాని ముందు, ఇప్పుడు షెడ్డు చూసుకుంటున్న పిన్నిగారి కోడలు బకెట్లో కర్రతో సున్నం కలుపుతోంది. పొద్దున్నే పూద్దామనుకుంటే లారీ వచ్చి ఆలస్యమైందంది, నేనేదో అడిగినట్టు.

మెసేజ్ సంగతి చెప్పాను. అత్తయ్యగారి అభ్యంతరం పరిష్కారమైందట అన్నాను.

ఆ అమ్మాయి గోడ వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఎవరికండీ, అన్నయ్యగారూ?"

నేను ఫోను తీసి మెసేజ్ చూపించబోతుంటే, కలెక్టరు గుట్ట దగ్గరినుంచి ఆగిరిపల్లి ఆమె గొంతు వినబడింది. "ఆయనకిప్పుడు ఉద్యోగం లేదుగా. కుంచె ఇవ్వమ్మా, ఊరికే నిలబెట్టావేంటి?"

కుంచె అందుకున్నాను. బాణం తోకనుంచి మొదలుపెట్టాను. మొదటి పూత ఎరుపుని దాచదు, గులాబీ రంగులోకి దించుతుందంతే. ఆరనిచ్చి రెండోది వెయ్యాలి. జేబులో ఫోను మోగింది. నక్షత్రాలు ఇంకా ఇవ్వలేదని జ్ఞాపకం చేస్తున్నారు కాబోలు. చేతులకి సున్నం ఉంది. బాణం మొన ఇంకా మిగిలే ఉంది. రాత్రికి మళ్ళీ వానంటున్నారు.